మొదటి పాఠాల మారాజు

అతన్ని ఇంట్లోనూ బయటా అందరూ ఎంక్వైరీ అనే పిలుస్తారు. బస్‌స్టేషన్లో ఎంక్వైరీ కౌంటర్లో కూర్చోవడం అతని ఉద్యోగం. ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో, దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో, ఎక్కడ దిగి ఏది పట్టుకోవాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ ఊళ్ళలో ఒక్కటంటే ఒక్కటి కూడా అతను చూసిన పాపాన పోలేదు. పోనీ చూడాలనైనా ఉందా అంటే, అదీ లేదు. బస్సు చెప్పేశాక ఇక ఊరితో పనేముంది అనుకునే రకం.

బస్సుకీ బస్సుకీ మధ్య దొరికే ఖాళీలో అతనికి ఫోనే లోకం. అలాగని పాటలు వినడు, ఆటలు ఆడడు, ముక్కూమొహం తెలియని వాళ్ళతో పోట్లాడడు. చదువుకుంటాడు! ఇంటర్నెట్లో ఇంత చదువు ఉచితంగా పడి ఉంటే జనం ఫీజులు కట్టి ఎందుకు చస్తున్నారో అతనికి బొత్తిగా అర్థమయ్యేది కాదు. ఖగోళశాస్త్రం, తేనెటీగల పెంపకం, వంతెనల నిర్మాణం, ఒప్పందాల చట్టం, సముద్రం అడుగున బతికే జీవులు, మట్టి పాత్రలు చేయడం, గుండె జబ్బులు... ఎక్కడ ‘ఉచితం’ అన్న మాట కనిపిస్తే అక్కడ చేరిపోయాడు. చేరడానికేం, ఒక బటన్ నొక్కితే సరిపోయె. చేరగానే మొదటి పాఠం చూసేవాడు. శ్రద్ధగానే చూసేవాడు, అందులో వంక పెట్టడానికి లేదు. అది అయ్యేసరికి దాని కిందే ఇంకో కోర్సు కనిపించేది, అది ఇంతకంటే బాగున్నట్టు తోచేది. ఇక అంతే. అతను రెండో పాఠం మొహం చూసిన చదువు ఒక్కటీ లేదు.

“మొదటి పాఠంలోనే సారమంతా ఉంటుంది. మిగతాదంతా సాగదీత,” అనేవాడు.

అతని భార్య ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లూ స్కూలు యూనిఫామ్‌లూ కుడుతుంది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మిషన్ ఆపేది. “అవునవును. ఆ కిటికీకి కర్టెన్ రాడ్ బిగిస్తానని ఒకవైపు మేకు కొట్టి ఎన్నేళ్ళయిందో! అదీ సారమే కాబోలు,” అనేది. అతను విననట్టే ఉండేవాడు.

కానీ లోకంలో అందరూ భార్యల్లాంటి వాళ్ళు కాదు కదా. ఏ విషయం ఎత్తినా పది నిమిషాలు గుక్కతిప్పుకోకుండా మాట్లాడే మనిషంటే చుట్టుపక్కల వాళ్ళకి గౌరవమే. పదకొండో నిమిషంలో ఏదో పని గుర్తొచ్చి లేచిపోతాడన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. లిఫ్టులు రిపేరు చేసే అతని అన్నయ్య అయితే, “మా వాడికి తెలియనిది లేదు,” అని పనికి వెళ్ళిన ప్రతి బిల్డింగులోనూ చెప్పుకునేవాడు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. వదిన పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లూ ఆపరేషన్ థియేటర్ బట్టలూ మందునీళ్ళలో నానబెట్టి, ఉతికి, పిండి ఆరేయడం. పెద్దపెద్ద మిషన్లున్నా మరకలున్నవి చేత్తో రుద్దాల్సిందే. ఇచ్చే గ్లౌజులు వారం తిరక్కుండానే చిరిగిపోతాయి. అలా చేసీ చేసీ ఆమె చేతులు ఎంతకి వచ్చాయంటే, వేళ్ళ కొసల దగ్గర చర్మం పగిలి నెత్తురు చిమ్ముతుంది. కూర కలిపితే మంట, సబ్బు తగిలితే మంట. చర్మం డాక్టరు చూసి, “అమ్మా, మందు రాయమంటే రాస్తాను. పొద్దున నేను రాసింది మధ్యాహ్నం మీ ఉద్యోగం కడిగేస్తుంది. పని మారండి, లేకపోతే ఈ చేతులు ఎందుకూ పనికిరాకుండా పోతాయి,” అని మొహం మీదే చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రిలో నోటీసు పెట్టారు. ఆపరేషన్ సామాన్లు శుభ్రం చేసి, ఆవిరి యంత్రంలో పెట్టి, క్రిములు లేకుండా చేసే విభాగంలో ఒక్క ఖాళీ. లోపలి ఉద్యోగులకే అవకాశం, పరీక్ష రాసి గెలవాలి. అక్కడ పని పొడిచేతులతో, మంచి గ్లౌజులతో. వదిన ఆ నోటీసు ముందు నిలబడి నాలుగుసార్లు చదువుకుని మరీ ఇంటికి వచ్చింది.

“వెనక వీధిలో రిటైరైన హెడ్ సిస్టరమ్మ ఈ పరీక్షకి ట్యూషన్ చెబుతోందట. నేనూ చేరతాను,” అంది అన్నాలు తింటున్నప్పుడు.

ఎంక్వైరీ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “ట్యూషనా? నేనుండగా మీరు చదువు కొనుక్కుంటారా వదినా! నలుగురికీ తెలిస్తే నా పరువేం కావాలి?”

“నీ పరువు కోసం కాదులే అబ్బాయ్, నా చేతుల కోసం.”

“అదే నేనూ అంటున్నది. ఆవిడ చెప్పేది ఆవిడకి తెలిసినంత. నెట్‌లో ఉన్నది ప్రపంచానికి తెలిసినంత. మంచివి ఏరి నేను పంపిస్తాను, మీరు చూసుకుంటూ పోండి.”

“వాడు చెబుతున్నాడుగా,” అన్నాడు అన్నయ్య. ఆయనకి తమ్ముడి మాట వేదం.

వదిన తన వేళ్ళకేసి చూసుకుంది. “సరే అబ్బాయ్. నీ మాట మీద ఉంటాను. ఇది తప్పితే మళ్ళీ ఖాళీ ఎప్పుడొస్తుందో, అప్పటిదాకా ఈ చేతులుంటాయో లేదో.” ఎంక్వైరీకి ఆ మాట గుచ్చుకుంది. ఆమెని గట్టెక్కించాలని నిజంగానే అనుకున్నాడు. అతని మంచితనంలో ఏ లోటూ లేదు. ఉన్న చిక్కల్లా మిగతావాటితోనే.

వారం తిరిగేసరికి సిస్టరమ్మ ట్యూషన్లో చోటు నిండిపోయింది. ఇక అతనే దిక్కు.

మొదటిరోజే ఒక కోర్సు దొరికింది. ఎవరో ముసలి మాస్టారు, ఒక నల్లబోర్డు, కదలకుండా నిలబెట్టిన కెమెరా. నెత్తిమీద ఫ్యాన్ గరగరమని తిరుగుతూ ఉంటుంది. మాస్టారు రెండు ముక్కలు చెప్పి ఒకసారి దగ్గుతాడు. పాఠాలు మాత్రం సామాన్లు కడగడం దగ్గర్నుంచి ఆవిరి దాకా చాంతాడంత ఉన్నాయి. అలవాటు కొద్దీ తన పేరు మీదే చేరి, వదినకి పంపించాడు. ఆ ఫ్యాన్ చప్పుడుకి మొదటి పాఠం కూడా పూర్తిగా చూడలేకపోయాడు పాపం.

మర్నాడు అతని మొహం వెలిగిపోతోంది. “వదినా, నిన్నటిది వదిలేయండి. అదొక పాతచింతకాయ పచ్చడి. ఇది చూడండి, పెద్ద యూనివర్సిటీ వాళ్ళది. సూక్ష్మజీవులు రంగురంగుల్లో ఎలా ఈదుతున్నాయో!”

వదిన చూసింది. సూక్ష్మజీవులు కంటికి కనిపించవని మొదటి పాఠంలో చెప్పారు. మూడోరోజు దాన్ని తలదన్నేది ఇంకోటి వచ్చింది. అందులోనూ సూక్ష్మజీవులు కంటికి కనిపించవు. ఆ తర్వాత వచ్చినదాంట్లో ఒక అందమైన డాక్టరమ్మ చెప్పింది, అవి కంటికి కనిపించవని. ఇలా రోజుకొకటి చొప్పున పంపుతూనే ఉన్నాడు. లాండ్రీలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషి, ఎన్ని గొంతుల్లో విన్నా కనిపించని సూక్ష్మజీవుల దగ్గరే ఉండిపోయింది.

అతనేమో అక్కడితో ఆగలేదు. ఆవిరి అర్థం కావాలంటే భౌతికశాస్త్రం కావాలన్నాడు. దానికి లెక్కలు కావాలన్నాడు. లెక్కలు వెతుకుతుంటే సబ్బు చరిత్ర దొరికింది, అదీ పంపించాడు. సబ్బు చరిత్ర చూసి వదిన ఫోన్ బోర్లించి పెట్టేసింది.

“అబ్బాయ్, నాకు ఒక్కటి చెప్పు,” అని ఆదివారం పొద్దున పట్టుకుంది. “సామాన్లు గుడ్డలో మూటకట్టి యంత్రంలో పెడతారు కదా. మూట లోపలిదాకా ఆవిరి వెళ్ళిందో లేదో, విప్పకుండా బయటి నుంచి ఎలా తెలుస్తుంది? పరీక్షలో ఇలాంటివే అడుగుతారట.”

ఎంక్వైరీ గొంతు సవరించుకున్నాడు. “అది రెండో పాఠంలో వస్తుంది వదినా.”

“ఎందులో రెండో పాఠం?”

“ఎందులోనైనా. ముందు పునాది గట్టిపడనివ్వండి.”

“ఆ పునాదుల మీద ఇళ్ళు కట్టి ఉంటే ఈపాటికి ఒక ఊరు లేచేది,” అంది అతని భార్య, మిషన్ మీంచి తలెత్తకుండానే.

దానికి తోడు ఇంకో పితలాటకం. అతను పాఠాలన్నీ పొందిగ్గా వదిన ఫోన్లోకి ఎక్కించాడు సరే, ఆ ఫోన్ ఆమె వేలిని గుర్తుపట్టడం మానేసింది. వేలిముద్ర ఉంటే కదా గుర్తుపట్టడానికి! వేళ్ళకి కట్లు కట్టుకుంటే తెర అసలు ఉలకదు, పలకదు. ఆమె వేలి కణుపుతో పొడుస్తుంటే ఒకటి నొక్కబోతే ఇంకోటి తెరుచుకునేది. ఒకసారి నెత్తురు చుక్క తెరమీద పడింది. కొంగుతో తుడిచి లోపలికి వెళ్ళిపోయింది. ఎంక్వైరీ అది చూశాడు. ఆ బాధలోనే ఆ పూట ఇంకో రెండు కోర్సులు వెతికాడు.

ఆ తర్వాత అతనికి రెండో షిఫ్టు పడింది, సాయంత్రాలు ఇంట్లో ఉండడం లేదు. వదిన ప్రశ్నలడగడం మానేసింది. పంపినవాటికి ‘సరే’ అని జవాబు వచ్చేది. పొద్దున్నే కాఫీ దగ్గర ఆమె మొహం కూడా కాస్త తేటపడ్డట్టుంది. తన పద్ధతి పనిచేస్తోందని అతను లోలోపల మురిసిపోయాడు.

పరీక్ష నాలుగు రోజులుందనగా, కౌంటర్లో కూర్చుని ఉండగా అతని ఫోన్ టింగుమంది. ‘అభినందనలు! ఆసుపత్రి సామాన్ల శుభ్రత, క్రిమి నిర్మూలన కోర్సులో అన్ని పాఠాలూ పూర్తిచేసి, చివరి పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు.’ కింద బంగారు అంచుతో సర్టిఫికెట్. అందులో అతని పేరు, ఇంటిపేరుతో సహా.

ఎంక్వైరీ ముందు బిత్తరపోయాడు. తను విన్నదల్లా ఆ ఫ్యాన్ చప్పుడు, అదీ రెండు నిమిషాలు. తర్వాత మెల్లగా మనసు సర్దుకుంది. ఆలోచించి చూస్తే, ఇంతకాలంగా ఇన్ని మొదటి పాఠాలు చూసిన మనిషి అతను. అవన్నీ కలిపితే ఒక పూర్తి చదువు కాకుండా పోతుందా? కంప్యూటర్లు ఈమధ్య బాగా తెలివిమీరాయి, ఎవరి యోగ్యత ఏమిటో వాటికి తెలియదా? జీవితంలో మొదటిసారి వచ్చిన సర్టిఫికెట్. ఎందుకొచ్చావని దాన్ని అడిగే గుండె అతనికి లేదు. ముందు పక్క కౌంటరు క్లర్కుకి చూపించాడు. తర్వాత కండక్టర్లకి చూపించాడు. ఆఖరికి స్టేషన్ మేనేజరుకి కూడా చూపించాడు, అక్కడే పప్పులో కాలేశాడు.

మేనేజరు కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాడు. “క్రిమి నిర్మూలనా? ఏమయ్యా, ఇంత పనివాడివి ఇన్నాళ్ళూ ఆ గూట్లో కూర్చున్నావా! మరుగుదొడ్ల గురించి పైవాళ్ళు నన్ను నమిలి మింగేస్తున్నారు. శుభ్రత చూసుకునే సూపర్‌వైజరు మానేసి వెళ్ళిపోయె. వచ్చే సోమవారం నుంచి నువ్వు అది చూడు.”

“నేనా సార్?”

“సర్టిఫికెట్ నీదే కదా?”

“నాదే సార్,” అన్నాడు ఎంక్వైరీ. ఇంకేమనగలడు? పైగా సూపర్‌వైజరు అన్న మాట చెవికి ఇంపుగానే ఉంది. ఆ పూట సెలవు పెట్టి, స్వీట్ల పొట్లంతో సాయంత్రమే ఇల్లు చేరాడు.

గుమ్మంలోనే ఆగిపోయాడు. ముందుగదిలోంచి గరగరమని ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. వాళ్ళ ఫ్యానేమో తిరగడం లేదు. మధ్యలో ఎవరో దగ్గారు. కుట్టుమిషన్‌కి ఆనించి అతని పాత ఫోన్ ఉంది, అతను కొత్తది కొనుక్కున్నప్పుడు భార్యకిచ్చింది. అందులో ముసలి మాస్టారు నల్లబోర్డు మీద ఏదో గీస్తున్నాడు. వదిన పక్కన కూర్చుని, కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. భార్య చొక్కా కాలరు కుడుతూనే అంటోంది, “ఇది మళ్ళీ విందామా అక్కా, లేక తర్వాతది నొక్కనా?”

ఎంక్వైరీకి చేతిలో పొట్లం బరువెక్కింది. ఆ ఫోన్లో ఇంకా తన పేరే ఉందని, తను చేరిన కోర్సులన్నీ అందులోనే ఉన్నాయని అప్పుడు వెలిగింది.

జరిగింది విని అతని భార్య నవ్విన నవ్వుకి మిషన్లో దారం తెగిపోయింది. “అయ్యో, మొదటి పాఠాల మాస్టారూ! సర్టిఫికెట్ మీకొచ్చిందా! చివర్లో ప్రశ్నలకి అక్క జవాబు చెబితే నేను నొక్కానండీ. ఎక్కడికి పోయిందా అని చూస్తున్నాం.”

వదిన మాత్రం నవ్వలేదు. “తప్పుగా అనుకోకు అబ్బాయ్. నా వేలు పనిచేయడం లేదు, దాని వేలు పనిచేస్తోంది. మొదటిరోజు నువ్వు పంపినదే పట్టుకుని వెళ్ళాం. వెతికింది నువ్వే కదా, సర్టిఫికెట్ నీకు రావడంలో తప్పేముంది?”

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. “నేను వద్దన్న కోర్సుతోనా...” అని గొణిగి అతను లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. సిగ్గేసింది. మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేద్దామనుకున్నాడు. కానీ కండక్టర్లందరికీ చూపించేశాడాయె! చెబితే ఆ బస్సులు వెళ్ళే ఊళ్ళన్నిటికీ ఆ కబురు అందుతుంది. నోరు కుట్టేసుకున్నాడు.

వదిన పరీక్ష రాసి వచ్చింది. మూట లోపలికి ఆవిరి వెళ్ళిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగారట. మూటలోపల ఒక చీటీ పెడతారు, దాని రంగు మారితే ఆవిరి వెళ్ళినట్టు. కానీ విప్పకుండా ఆ చీటీ కనిపించదు. మూట బయట అంటించే టేపు రంగు మారితే మూటకి ఆవిరి తగిలిందనే తెలుస్తుంది, లోపలికి వెళ్ళిందని కాదు, అందుకే ఆ టేపు ఒక్కదాన్నే నమ్మకూడదు. మాస్టారు ఆ ముక్క రెండుసార్లు దగ్గి మరీ చెప్పాడట. ఫలితాలొచ్చాయి, ఆ ఒక్క ఖాళీ వదినదే అయింది. అన్నయ్య ఆ వారమంతా లిఫ్టుల్లో, “అంతా మా తమ్ముడి చలవే,” అని చెప్పుకుంటూ తిరిగాడు. కాదని చెప్పడానికి ఎంక్వైరీకి మొహం చెల్లలేదు.

వదిన చేతులు మానుతున్నాయి. అతని సంగతే వేరేలా ఉంది. కొన్నాళ్ళు కేకలేసి నెట్టుకొచ్చాడు. ఒకరోజు పైనుంచి తనిఖీకి వస్తున్నారనగానే ఆవేశం పొంగింది. మరుగుదొడ్ల ముందు, బ్లీచింగ్ కలిపిన బకెట్ పట్టుకుని నిలబడ్డ పనివాళ్ళకి ఉపన్యాసం మొదలెట్టాడు. “సూక్ష్మజీవులు కంటికి కనిపించవు...”

“కనిపించకపోతే పోనీండి సార్, ఆ యాసిడ్ డబ్బా ఎందుకు తెచ్చారు?” అంది అందులో పెద్దావిడ.

“రెండూ కలిపితే రెట్టింపు పనిచేస్తాయి.”

“ఆ రెండూ కలపకూడదు సార్!”

“సర్టిఫికెట్ ఎవరిదమ్మా?” అని బకెట్లో ఒంపాడు. ఒంపి, బెదురెందుకన్నట్టు రెండు ఉత్తచేతులతో గుడ్డ ముంచి తీశాడు.

బకెట్లోంచి లేచిన ఘాటు అక్కడున్న అందర్నీ రోడ్డు మీదికి తరిమింది. ప్రయాణికులు దగ్గుకుంటూ, ఏ ఊరిదో కూడా చూసుకోకుండా కనిపించిన బస్సెక్కేశారు. అదృష్టం బాగుండి ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చిన కారులోనే వెనక్కి వెళ్ళిపోయాడు. మేనేజరు ఎంక్వైరీకేసి అదోలా చూశాడు. “సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఊరుకుంటున్నాను. వారంలో మళ్ళీ వస్తారు. ఈసారైనా చదువుకున్నట్టు చెయ్యి,” అన్నాడు.

ఎంక్వైరీ ఇంటికొచ్చేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. రెండు చేతులూ ఎర్రగా ఉబ్బి భగభగమంటున్నాయి. చెప్పులు విప్పి, ఎవరి మొహమూ చూడకుండా కుట్టుమిషన్ పక్కన కింద కూర్చున్నాడు. ఈ మంటతో వదిన రోజూ అందరికీ అన్నం కలిపి పెట్టింది. తను ఆమెకి సబ్బు చరిత్ర పంపించాడు. అది గుర్తొచ్చి కళ్ళలో ఇంకాస్త నీళ్ళు తిరిగాయి. ఘాటు వల్లే అనుకున్నారు అందరూ.

“వదినా,” అన్నాడు. “బ్లీచింగ్‌లో నీళ్ళు ఎన్ని పాళ్ళు కలపాలి?”

వదిన అతని చేతులు చూసింది. వచ్చే నవ్వుని పెదవుల దగ్గరే పట్టుకుంది.

“అది రెండో పాఠంలో వస్తుంది మరిదీ.”

అని, లోపలికి వెళ్ళి సగం వాడిన ఆయింట్‌మెంట్ ట్యూబు తెచ్చి అతని అరచేతిలో పిండింది. “రాసుకో. నాకిక దీంతో పనిలేదు. రుద్దకు, అద్దుకో.”

ఎంక్వైరీ అద్దుకున్నాడు. మిషన్‌కి ఆనించి ఉన్న ఫోన్ మీద జిడ్డు వేలితో నొక్కాడు, అది పలకలేదు. ఇంకోసారి నొక్కాడు.

“మీరు వినండి చాలు, నొక్కడానికి నేనున్నాను,” అంది భార్య. ఆమె వేలు తగలగానే గరగరమని ఫ్యాన్ తిరగడం మొదలైంది, మాస్టారు దగ్గాడు.

ఎంక్వైరీ అటూ ఇటూ కదిలాడు. “ఈ ఫ్యాను గోల లేకుండా, దీనికంటే మంచిది ఎక్కడైనా...”

మిషన్ ఆగింది. తోడికోడళ్ళిద్దరూ అతనికేసి చూశారు. అతను నోరు మూసుకుని రెండో పాఠం విన్నాడు.